ముందు ఆకలి వేయనివ్వండి
(విజయవాడ పటమటలో అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో అమ్మమ్మలు, నానమ్మలు చాలామంది కూర్చున్నారు. సంతోషం. అమ్మానాన్నలు ఉద్యోగాలకు వెళ్లిపోతే పగలంతా పిల్లలకు పెట్టేది మీరే కాబట్టి ఈ విషయాలు మీ చెవిన పడటం చాలా అవసరం.

పిల్లల తిండి మాట ఎత్తగానే అందరూ అనేది ఒకటే. "మావాడు ఏమీ తినడండీ, ఆకలికి ఏదన్నా టానిక్కు చెప్పండి." సరే, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి వాడి నోట్లోకి ఏమేం వెళ్లాయో వరసగా చెప్పమంటే లెక్క ఇంచుమించు ఇలా వస్తుంది. లేవగానే గ్లాసుడు పాలు, అందులో రెండు చెంచాల పంచదార, ఓ చెంచా చాక్లెట్ పొడి. తొమ్మిదింటికి ఇడ్లీ పెడితే సగం తిని లేచాడు. సగమే తిన్నాడు కదా అని పదింటికి రెండు బిస్కెట్లు. పదకొండింటికి మళ్లీ పాలు. ఒంటిగంటకు అన్నం కలిపితే మూతి తిప్పుకున్నాడు. అయ్యో, పొద్దుట్నుంచీ పిల్లాడి కడుపులో ఏమీ పడలేదని మూడింటికి ఇంకో గ్లాసు పాలు, నాలుగున్నరకి చిప్స్ పొట్లం. రాత్రి ఫోన్ ముందు పెట్టి ఎలాగో నాలుగు ముద్దలు కుక్కారు.

ఈ పిల్లాడు పొద్దస్తమానం తింటూనే ఉన్నాడు. వాడికి ఆకలి వేసేంత వ్యవధి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆకలి లేని పిల్లాడి ముందు తోటకూర పప్పు పెట్టినా, నాటుకోడి కూర పెట్టినా ఒకటే. అందుకని ఏం వండాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఆకలిని ఎలా కాపాడాలో మాట్లాడుకుందాం.

ఒక సంగతి తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. 3 కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది నిండేసరికి 9 కిలోల దాకా వస్తుంది, అంటే ఒక్క ఏడాదిలో 6 కిలోలు. రెండో ఏట పెరిగేది మహా అయితే రెండున్నర కిలోలు. ఆ తర్వాత ఏటా 2 కిలోల చొప్పున. పెరుగుదల అంతగా నెమ్మదిస్తే ఆకలి కూడా తగ్గుతుంది, తగ్గాలి కూడా. మొదటి పుట్టినరోజు దాటాక "నిన్నమొన్నటి దాకా బాగా తినేది, దిష్టి తగిలినట్టుంది" అనిపించడానికి కారణం ఇదే. దిష్టి తీస్తే నష్టం లేదు గానీ, తీశాక బలవంతంగా నోట్లో కుక్కకండి.

ఇక పాల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువ తేడా చేస్తున్నది ఇక్కడే. పాలు మంచివే. ప్రొటీను ఉంది, క్యాల్షియం ఉంది. కానీ పాలలో ఇనుము దాదాపు లేనట్టే. పైగా పాలలోని క్యాల్షియం, వేరే తిండిలోంచి వచ్చే ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 8 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. లీటరు పాలు తాగే పిల్లకు కడుపు నిండిపోతుంది, ఇనుము మాత్రం అందదు. ఇనుము తగ్గితే రక్తహీనత. రక్తహీనత వస్తే మొదట పోయేది ఆకలి. ఆకలి లేదని అన్నం మానేస్తుంది, అన్నం తినట్లేదని మనం ఇంకో గ్లాసు పాలు పట్టిస్తాం. ఈ చుట్టు ఎక్కడో ఒకచోట తెంచాలి, తెంచడానికి తేలికైన చోటు పాల దగ్గరే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో దేశం మొత్తం మీద 67 శాతం మందికి, మన రాష్ట్రంలో 63 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే ఈ హాల్లో మీ ఒళ్లో కూర్చున్న ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరికి ఉండే అవకాశం ఉందన్నమాట. మట్టి, సుద్దముక్క, గోడ సున్నం, పచ్చి బియ్యం తినే పిల్లలు ఉంటే వాళ్లను కొట్టకండి, తిట్టకండి. అది చాలాసార్లు ఇనుము లోపానికి గుర్తు. రక్తపరీక్ష చేయించండి.

ఏడాది దాటిన పిల్లలకు రోజంతా కలిపి 400 నుంచి 500 మిల్లీలీటర్ల పాలు చాలు, పెరుగు కూడా అందులో లెక్కే. అంటే రెండు చిన్న గ్లాసులు. ఏడాది లోపు బిడ్డకు తల్లిపాల స్థానంలో ఆవుపాలో గేదెపాలో పట్టడం మంచిది కాదు. పాలపీక అలవాటు ఉంటే ముందు దాన్ని తీసేయండి. గ్లాసుతో తాగే పిల్లలు చాలు అనిపించగానే ఆపుతారు. సీసా నోట్లో పెట్టుకుని పడుకున్న పిల్లలు ఆకలి లేకపోయినా చప్పరిస్తూ పావు లీటరు లాగేస్తారు, పైగా ముందు పళ్లు పుచ్చిపోతాయి. టీలో బిస్కెట్ ముంచి పెట్టే అలవాటు ఉన్నవాళ్లు కూడా అది మానండి. టీ కూడా ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

పాలలో కలిపే పొడుల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఆహార భద్రతా చట్టంలో ఆరోగ్య పానీయం అన్న వర్గమే లేదని, వాటిని ఆ పేరు కింద పెట్టి అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. డబ్బా వెనకవైపు చూడండి. దేంతో తయారైందో బరువును బట్టి, ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. మొదటి మూడింట్లో పంచదార, మాల్టోడెక్స్‌ట్రిన్, లిక్విడ్ గ్లూకోజ్ కనబడితే అది తీపి పొడి. అంతే. ఆ డబ్బుతో నెలకు సరిపడా గుడ్లు వస్తాయి.

ఇప్పుడు వేళల సంగతి. ఏడున్నర ఎనిమిది మధ్య టిఫిను, పదిన్నరకు ఒక పండు, ఒంటిగంటకు భోజనం, నాలుగున్నరకు చిరుతిండి, రాత్రి ఏడున్నరకు భోజనం. మీ ఇంటి వీలును బట్టి అరగంట అటూ ఇటూ జరుపుకోండి గానీ, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండున్నర నుంచి మూడున్నర గంటల ఎడం ఉండాలి. ఆ ఎడంలో మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. బిస్కెట్ వద్దు, జ్యూస్ వద్దు, "ఒక్క గుక్క పాలు" కూడా వద్దు. పాలు టిఫినుతో ఒకసారి, సాయంత్రం చిరుతిండితో ఒకసారి.

భోజనం దగ్గర ఎవరి పని ఏమిటో తేల్చుకోవాలి. ఏం పెట్టాలి, ఏ వేళకు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నవి పెద్దవాళ్లు నిర్ణయించాలి. పెట్టినదాంట్లో ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల ఇష్టం. మన ఇళ్లలో ఇది తలకిందులుగా నడుస్తోంది. ఏం కావాలో పిల్లాడు చెబుతాడు, ఎంత తినాలో నానమ్మ చెబుతుంది. కంచంలో పదార్థాలు మీరు ఎంచండి, అందులో పిల్లలకు నచ్చేది ఒకటైనా ఉండేట్టు చూడండి, 20 నుంచి 30 నిమిషాలు ఆగండి, తర్వాత కంచం తీసేయండి. తినలేదని బతిమాలొద్దు, కోప్పడొద్దు, వేరేది వండొద్దు. మళ్లీ పెట్టే వేళ దాకా ఆగితే సరిపోతుంది.

ఎంత పెట్టాలో కూడా తెలియాలి. మూడేళ్ల పిల్ల కంచంలో పెద్దవాళ్లకు పెట్టినంత అన్నం చూస్తే ఆ కొండను చూసే భయపడుతుంది. కూర అయితే వయసు ఎంతో అన్ని టేబుల్ స్పూన్లు, అంటే మూడేళ్లకు మూడు స్పూన్లు, మొదట వడ్డించడానికి చాలు. అన్నం, పప్పు కూడా అలాగే కొంచెం కొంచెం. అడిగితే మళ్లీ పెట్టండి. అడిగి తిన్న ముద్దకు, కుక్కించుకున్న ముద్దకు చాలా తేడా ఉంది.

ఈ పద్ధతి మొదలుపెట్టిన మొదటి మూడు నాలుగు రోజులు ఇంట్లో గొడవ తప్పదు. పిల్లలు మారాం చేస్తారు, పెద్దవాళ్ల మనసు కరుగుతుంది. సరిగ్గా అక్కడే అంతా చెడేది. మధ్యాహ్నం అన్నం తినలేదని రెండింటికి ఒకరు చాటుగా బిస్కెట్ ఇచ్చారనుకోండి, కాసేపు ఏడిస్తే బిస్కెట్ వస్తుందన్న పాఠం పిల్లలు ఒక్క రోజులో నేర్చుకుంటారు. ఇంట్లో అందరూ ఒక మాట మీద లేకపోతే ఇది మొదలుపెట్టకపోవడమే నయం.

ఫోన్ గురించి అడుగుతారని తెలుసు. ఫోన్ చూస్తూ తినే పిల్లలకు ఏం తింటున్నారో తెలియదు, కడుపు నిండిందనీ తెలియదు. నమలకుండా మింగేస్తారు కాబట్టి పొలమారే ప్రమాదం కూడా ఉంది. మూడు పూటలా ఒకేసారి తీసేస్తే కష్టం. పిల్లలకు బాగా ఆకలి వేసే పూట ఒకటి ఉంటుంది, సాధారణంగా సాయంత్రం ఆడుకుని వచ్చాక. ముందు ఆ పూట తీసేయండి. వారం గడిచాక రెండో పూట. ఆ పూట నాన్న చేతిలో ఫోన్, ఎదురుగా టీవీలో క్రికెట్టు కూడా ఉండకూడదు. అందరూ కలిసి కూర్చుని తినే పూట రోజుకు ఒక్కటైనా ఉండాలి. పెద్దవాళ్లు తింటుంటే చూడటమే పిల్లలకు సగం శిక్షణ.

చంటిపిల్లల తల్లులు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఉగ్గు సంగతి. 6 నెలలు నిండే దాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత తల్లిపాలు కొనసాగిస్తూనే తిండి మొదలుపెట్టాలి. మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పెసరపప్పు. రెండూ విడివిడిగా కడిగి, నీడన ఆరబెట్టి, సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా విడివిడిగా వేయించండి. పప్పు త్వరగా మాడుతుంది, అందుకే కలిపి వేయించకూడదు. చెంచాడు జీలకర్ర కూడా వేయించి కలిపి, మెత్తటి రవ్వలా పట్టించండి. ఒకేసారి రెండు వారాలకు సరిపడా మాత్రమే చేసుకోండి. వానాకాలంలో చెమ్మ తగిలి ముక్కవాసన వస్తుంది. ఉడికించాక అర చెంచా నెయ్యి కలపండి.

ఇందులో జరిగే పొరపాటు పలచన చేయడం. గొంతుకు అడ్డం పడుతుందన్న భయంతో చారులా చేస్తారు. బిడ్డ పొట్ట చిన్నది, నీళ్లతో నిండిపోతే బలం ఎక్కడిది? చెంచాతో తీసి వంచితే జారిపోకుండా నిలబడాలి, అదీ పాకం. మొదట రెండు మూడు టేబుల్ స్పూన్లు, రోజుకు రెండుసార్లు. 8 నెలలు దాటేసరికి పావు లీటరు కప్పులో సగం. ఏడాది తర్వాత ముప్పావు కప్పు నుంచి నిండు కప్పు, రోజుకు మూడు నాలుగుసార్లు. పచ్చసొన, తెల్లసొన రెండూ ఉన్న ఉడికిన గుడ్డు 6 నెలల తర్వాత మెదిపి పెట్టవచ్చు. ఏడాది లోపు ఉప్పు, పంచదార వేయకండి. తేనె అసలు నాకించవద్దు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి చంటిపిల్లల నరాలను దెబ్బతీస్తుంది.

రెండో పొరపాటు మిక్సీ. ఏడాదిన్నర వచ్చినా అన్నం, పప్పు, క్యారెట్ అన్నీ మిక్సీలో తిప్పి గుజ్జు చేసి పెడతారు. నమలడం నేర్చుకునే వయసు 8 నుంచి 10 నెలలు. ఆ వయసులో పప్పుగుత్తితోనో వేళ్లతోనో మెదిపి, కొద్దిగా పలుకులు తగిలేట్టు పెట్టాలి. తొమ్మిదో నెలలో మెత్తగా ఉడికిన బంగాళదుంప ముక్క, అరటిపండు ముక్క, ఇడ్లీ ముక్క చేతికివ్వాలి. ఇల్లంతా పోస్తారు, పోయనివ్వండి. ఆ వయసు దాటిపోయాక ముక్క తగిలితే ఉమ్మేసే పిల్లలు చాలామంది ఇలా తయారైనవాళ్లే. నాలుగైదేళ్ల దాకా పల్లీలు, శెనగలు, గుండ్రటి ద్రాక్షపళ్లు, పచ్చికొబ్బరి ముక్కలు అలాగే ఇవ్వకండి, గాలిగొట్టంలో ఇరుక్కుంటాయి. పల్లీలు, నువ్వులు పొడి చేసి అన్నంలో కలపండి. సున్నుండ అయితే చిదిపి పెట్టండి. ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు కోయండి.

కూరగాయలు తినకపోవడం గురించి. రెండు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలకు కొత్త తిండి అంటే అనుమానం, అది వయసు లక్షణం. కొత్త కూర నాలుకకు అలవాటు కావడానికి పది పదిహేనుసార్లు ఎదురుపడాలి. మనం మూడోసారికే "మా అమ్మాయికి బెండకాయ పడదు" అని తేల్చేస్తాం, అదీ ఆ పిల్ల ఎదురుగానే. ఆ మాట విన్నాక ఇక ముట్టుకోదు.

బెండకాయే తీసుకుందాం. పిల్ల ఇష్టంగా తినే ముద్దపప్పు అన్నం కంచంలో పెట్టండి. అంచున బెండకాయ వేపుడు, గోరంత ముక్క ఒక్కటి. తినమనొద్దు, దాని గురించి మాట్లాడొద్దు. మొదటి రెండు మూడుసార్లు పక్కకు నెట్టేస్తుంది. తర్వాత వేలితో పొడుస్తుంది, వాసన చూస్తుంది, నాలిక ఆనిస్తుంది. ఒక రోజు నోట్లో పెట్టుకుని నమిలి ఉమ్మేస్తుంది. ఉమ్మినందుకు కసరకండి, అది ముందడుగు. మీరు మాత్రం అదే కూర మీ కంచంలో వేసుకుని తినండి. వారానికి రెండుసార్లు వండితే నెలన్నర రెండు నెలల్లో తేలుతుంది. తేలకపోతే దాన్ని వదిలేసి సొరకాయో బీరకాయో మొదలుపెట్టండి. లోకంలో ఒక్క బెండకాయే లేదు. అయితే "ఈ కూర తింటే చాక్లెట్ ఇస్తా" అన్న బేరం ఎప్పుడూ పెట్టకండి. కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని మీరే నేర్పినట్టవుతుంది.

ఆకుకూరలకు మన ప్రాంతంలో ఒక వీలుంది. పిల్లలకు పులుపు ఇష్టం. పాలకూర ముట్టని పిల్లలు గోంగూర పప్పు తింటారు. కందిపప్పులో గోంగూర, తోటకూర చెరి సగం వేసి వండి చూడండి, తోటకూర కూడా అందులో కలిసి వెళ్లిపోతుంది. ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. పప్పు దించాక, వేడి కాస్త తగ్గాక నిమ్మరసం పిండండి, మరుగుతున్నప్పుడు పిండితే విటమిన్ పోతుంది. లేదంటే భోజనం కాగానే నాలుగు జామకాయ ముక్కలు. ఈ ఊళ్లో జామకాయకు కొదవలేదు. మాంసాహారులైతే వారానికి ఒకసారి రెండు చిన్న ముక్కలు మేక కార్జం, ముల్లు తక్కువ కాబట్టి వంజరం చేప.

కారం విషయంలో గుంటూరు, బెజవాడ ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కూర అంతా మామూలు కారంతో వండి, పిల్లలకు అందులోంచే తీసి, నీళ్లలో కడిగి పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. కడిగితే రుచీ పోతుంది, సారమూ పోతుంది. కూర ఉడికాక, కారం వేసే ముందు పిల్లల వాటా చిన్న గిన్నెలోకి తీయండి. రెండు నిమిషాల పని. రెండేళ్లు దాటాక కొద్దికొద్దిగా కారం పెంచుకుంటూ పోతే నాలుగైదేళ్లకు ఇంటి కూర తింటారు. ఊరగాయ అన్నం మాత్రం పూటకు పూట తిండిగా పెట్టకండి. నూనె, ఉప్పు, అన్నం తప్ప అందులో పిల్లలకు అందేది తక్కువ. పప్పన్నంలో రుచికి నాకించండి, చాలు.

బడికి పంపే క్యారేజీ. అన్నం పొగలు కక్కుతుండగా మూత పెడితే ఆవిరి నీరై కారి పదింటికే తడిసి ముద్దవుతుంది. కాస్త ఆరాక మూత పెట్టాలి. పెరుగన్నం పుల్లబడుతుందని చాలామంది మానేస్తారు. వేడి అన్నాన్ని మెత్తగా మెదిపి, గ్లాసు అన్నానికి అర గ్లాసు గోరువెచ్చటి పాలు పోసి, బాగా చల్లారాక ఒక్క చెంచా పెరుగు కలపండి, ఎండాకాలమైతే అర చెంచా. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుని ఉంటుంది. వేడి మీద పెరుగు కలిపితే మాత్రం విరుగుతుంది, పులుస్తుంది. మూత పిల్లలు సొంతంగా తీయగలరో లేదో ఇంట్లో చూసుకోండి. నాలుగేళ్ల పిల్లలు మూత రాక తినకుండా తెచ్చేస్తారు, మనం ఇష్టం లేక తినలేదనుకుంటాం. కొత్త కూర ఎప్పుడూ క్యారేజీలో పెట్టకండి, ముందు ఇంట్లో అలవాటు కావాలి. చేతులు కడుక్కునే సమయం పోగా తినడానికి వాళ్లకు దొరికేది పదిహేను నిమిషాలు, దానికి తగ్గట్టే పెట్టండి. ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలైతే మధ్యాహ్న భోజనంలో వచ్చే గుడ్డు, చిక్కీ, రాగి జావ తింటున్నారో లేదో రోజూ అడగండి.

బయటి తిండి పూర్తిగా మాన్పించాలని చెప్పను, అది జరిగే పని కాదు. ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ వెళ్లి పుణుగులు తినండి, సంతోషంగా తినండి. రోజూ ఇంట్లో చిప్స్ పొట్లాలు నిల్వ ఉంచడమే ప్రమాదం. ఇంట్లో లేని వస్తువు కోసం పిల్లలు ఎంతసేపని ఏడుస్తారు? కూల్‌డ్రింకు మాత్రం వేరు. పావు లీటరు సీసాలో 25 గ్రాములకు పైగా పంచదార, అంటే ఐదారు చెంచాలు ఉంటుంది. ఎండల్లో దాహానికి మజ్జిగ, సబ్జా నీళ్లు, తాటి ముంజలు ఉన్నాయి. బడి గేటుకు 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువున్న తిళ్లు అమ్మకూడదని 2020లో వచ్చిన ఆహార భద్రత నిబంధనల్లో ఉంది. మీ బడి తల్లిదండ్రుల కమిటీలో ఈ మాట ఎత్తండి.

మందుల సంగతి. 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, 1 మిల్లీలీటరు చొప్పున ఆశా కార్యకర్త ద్వారా ఉచితంగా వస్తుంది. తిన్నాక వేయండి, పాలతో కలిపి వేయకండి. విరేచనం నల్లగా వస్తుంది, దానికి భయపడి ఆపేయకండి. ఏడాది దాటిన పిల్లలకు ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో ఇచ్చే నులిపురుగుల బిళ్ల కూడా తప్పనిసరి. పురుగులుంటే తిన్నది ఒంటపట్టదు.

కొందరు పిల్లల విషయంలో పైన చెప్పిన ఓపిక పనికిరాదు, డాక్టరు దగ్గరకే వెళ్లాలి. బరువు రెండు మూడు నెలలుగా పెరగకపోయినా, తగ్గినా. మింగేటప్పుడు ప్రతిసారీ దగ్గు, పొలమారడం ఉన్నా. మొత్తం మీద ఐదారు పదార్థాలే తింటూ అందులో కూడా ఒక్కొక్కటి మానేస్తున్నా. వాంతులు, తరచూ విరేచనాలు, రోజుల తరబడి మలబద్ధకం ఉన్నా. అరచేతులు, కళ్ల కింది రెప్ప లోపల పాలిపోయి ఉన్నా. వెళ్లేటప్పుడు అంగన్‌వాడీ బరువుల కార్డు, మూడు రోజులపాటు పిల్లలు తిన్నదీ తాగినదీ వేళతో సహా రాసిన కాగితం తీసుకెళ్లండి. పాలు, బిస్కెట్లు కూడా వదలకుండా రాయండి. రెండు నుంచి ఐదేళ్ల పిల్లల్లో హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ ఉంటే వారానికి రెండుసార్లు వేసే సిరప్ మోతాదు సరిపోదు, బరువును బట్టి రోజువారీ మోతాదు డాక్టరు రాస్తారు. అంకె మామూలుకు వచ్చినా మందు వెంటనే ఆపకూడదు. ఒంట్లో నిల్వలు నిండడానికి ఇంకా రెండు మూడు నెలలు పడుతుంది.

ఇక మీరు అడగండి. చంటిపిల్లలున్న తల్లులు ముందు అడిగితే త్వరగా ఇంటికి వెళ్లొచ్చు.